మొదటి వంతు

అటు చూడకూడదు. కిటికీలోంచి సముద్రం వైపు చూడొచ్చు, గోడ మీది నాన్న బారోమీటరు వైపు చూడొచ్చు, ఆఖరికి చెల్లెలు జుట్టుకి వేయించుకున్న కొత్త రంగు వైపైనా చూడొచ్చు గాని, రాతబల్ల మీది దీపం వైపు మాత్రం చూడకూడదు. చూపు పడితే ధర పెరుగుతుంది. అది సంతలో సూత్రం. ఇది సంత కాదు, అమ్మ పోయిన ఇల్లు. ఆ సంగతి ఇంగెలీస్‌కి తెలియక కాదు. తెలిసినా మెడ అటు తిరగనంటోంది.

పాత కరెంటు దీపాలు పోగుచేసేవాళ్లకి అబ్బే గుణమే అది. హెల్సింగోర్ ఊరి చుట్టుపక్కల ఎక్కడ పాతసామాన్ల సంత జరిగినా ఆమె వెళ్తుంది. కావలసిన దీపం కంటపడగానే దానికి వీపు పెట్టి నిలబడుతుంది. పింగాణీ బాతు ధర అడుగుతుంది, అంచు విరిగిన పళ్లెం ధర అడుగుతుంది, పెదవి విరుస్తుంది. వెళ్లబోతూ, పోనీ ఈ దీపం ఎంతకిస్తారంటుంది. అలా ముప్పై ఏళ్లలో నలభై మూడు చేరాయి. అన్నీ పందొమ్మిదివందల యాభైలనాటివే, టేకు కాళ్లవి, ఇత్తడి కాళ్లవి. అన్నీ రాతబల్ల మీది ఈ ఒక్కదానికి చుట్టాలు. దీని జత మాత్రం ఎక్కడా దొరకలేదు.

సన్నటి ఇత్తడి కాడ, బోర్లించిన పడవలాంటి బూడిదరంగు రేకు గొడుగు. దీన్ని చేసిన చిన్న కార్ఖానా రెండేళ్లకే మూతపడింది. నాన్న ఓడలు కట్టే చోట నక్షాలు గీసేవాడు, ఇంటికొచ్చాక దీని కింద కూర్చుని మళ్లీ గీసేవాడు. ఇంగెలీస్ బల్ల కింద చేరి ఆయన చెప్పులు చూస్తూ ఉండేది. ఆ కాగితం మీద పడే వెలుగులోకి తనూ రావాలని ఉండేది. రమ్మని ఆయన అనలేదు, వస్తానని తను అడగలేదు. విడిపోయిన రోజున మొగుడు మోగెన్స్ ఈ గుణాన్నే ఎత్తి చూపాడు. ఇరవై ఏళ్లు కాపురం చేశాను, నేను నీకు కావాలో అక్కర్లేదో ఈనాటికీ అంతు చిక్కలేదు అన్నాడు. అప్పుడూ ఆమె మరోవైపే చూసింది.

ప్రేబెన్ అన్నయ్య రొట్టెముక్కల పళ్లెం జరిపి, తోలు గిన్నెలో పాచికలు వేసి గలగలలాడించాడు. ఇంట్లో సామాన్లు ముగ్గురూ పంచుకోడానికి అమ్మ చెప్పిపోయిన పద్ధతే. ఎక్కువ పడినవాళ్లది మొదటి వంతు, వంతుకో వస్తువు, ఒకరు తీసుకున్నాక మరొకరు మారుమాట అనకూడదు. అన్నకి ఆరు పడింది, చెల్లెలు టోవేకి తొమ్మిది. ఇంగెలీస్‌కి పదకొండు.

"ఇంకేముంది, దీపాల కొట్టుకి ఇంకో దీపం," అన్నాడు ప్రేబెన్. "అడుగు మరి, కాఫీ చల్లారిపోతోంది."

ఆ మాటకి ఆమెకి నలుగురిలో ఒంటి మీది బట్ట జారినట్టయింది. మనసు గబగబా లెక్కలు కట్టింది. టోవే గోడగడియారం అడుగుతుంది. అన్నయ్య కన్ను ఎప్పుడూ బారోమీటరు మీదే. రెండో వంతులో దీపం ఎటూ తనదే.

"అమ్మ నీలిపూల కప్పులు," అంది.

టోవే లేచింది. తిన్నగా రాతబల్ల దగ్గరికి వెళ్లి దీపాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టే ఉంది.

"రాత్రంతా నిద్ర పట్టలేదక్కా," అంది. "ముందు వంతు నీకొస్తే దీన్నే అడుగుతావని హడలిపోయాను. పొద్దున్నించీ నీ మొహమే కనిపెట్టి చూస్తున్నా. ఒక్కసారైనా ఇటు చూడలేదు. అప్పటికి గాని ప్రాణం కుదుటపడలేదు."

తనకి తట్టు పోసిన వారమంతా నాన్న దీన్ని తెచ్చి మంచం పక్కన పెట్టిన సంగతి చెప్పుకుంటూ పోయింది. ఇంగెలీస్‌కీ ఆ వారం గుర్తుంది. రాతబల్ల చీకటిగా ఉన్న వారం.

మధ్యాహ్నానికి పంపకాలు అయిపోయాయి. వీధిలో గాలి ఉప్పుగా వీస్తోంది. కారు వెనక సీటులో మడత కుర్చీల పక్కన దీపాన్ని పడుకోబెట్టి, టోవే ఉన్నట్టుండి అక్క మొహంలోకి చూసింది.

"నిజం చెప్పక్కా. నీకు కావాలా? కావాలంటే ఇప్పుడే ఇచ్చేస్తా. ఒక్క మాట చాలు."

ఒక్క మాటే. నాలుక దాకా వచ్చింది కూడా.

"నాకెందుకే," అంది ఇంగెలీస్. "ఉన్నవాటికే చోటు లేదు."

టోవే మొహం విప్పారింది. ఆ బూడిదరంగు మరీ ఏడుపుగొట్టుగా ఉందనీ, ఆదివారం మొగుడి చేత తెల్లరంగు కొట్టిస్తాననీ చెబుతూ తాళంచెవి కోసం సంచి వెతుక్కుంటోంది. కుర్చీ ఇనప కాలు రేకు గొడుగుకి ఆనుకుని ఉంది. మొదటి మలుపులోనే గీరుకుపోతుంది.

ఇంగెలీస్ మెడలోని ఉన్ని శాలువా తీసింది. కారులోకి వంగి, గొడుగు చుట్టూ రెండు మడతలు చుట్టి, ఇత్తడి కాడకి ముడివేసింది.