చప్పిడి పత్యం

"మత్తులో ఉండగా ఊపిరి ఆగిపోతే ఎలాగండీ?" అని నర్సు సత్యవతిని అడిగాను. ఏలూరు ఆసుపత్రిలో నా కూతురు హెప్సిబాని అప్పటికింకా లోపలికి తీసుకెళ్ళలేదు.

"ముక్కు ఆపరేషనే కదండీ, భయపడకండి," అందావిడ.

మంచం మీద నుంచి హెప్సిబా నవ్వింది. "నేను తుమ్మినా మా అమ్మ పాస్టరుగారికి ఫోన్ చేసేస్తుందండీ."

జబ్బేమీ లేదు దానికి. ముక్కు అణిగి ఉంటుందని బళ్ళోనూ చర్చిలోనూ 'చప్పిడి ముక్కు' అనేవాళ్ళు. ఉద్యోగంలో చేరాక, సరిచేయించుకుంటానని పట్టుబట్టింది. వద్దని బతిమాలాను. వినలేదు.

ఇంటికి పంపేటప్పుడు సత్యవతి, "తల ఎత్తులో పెట్టి పడుకోబెట్టండి. వాపు దిగేదాకా చప్పిడి పత్యం పెట్టండి," అంది. 'చప్పిడి' అన్న మాటకి హెప్సిబా కళ్ళు దించుకుంది. ఆ మాట ఇక మా ఇంట్లో వినపడకూడదనుకున్నాను. దాన్ని ఏలూరులోనే వదిలేసి, 'పత్యం' అన్న మాట ఒక్కటే ఆకివీడు తెచ్చుకున్నాను. మా ఇళ్ళలో కోత పడినవాళ్ళకి పత్యమంటే ఎండు చేప. రెండు పూటలా మిరియాల పొడితో ఇగురు చేసి పెట్టాను.

వారానికి మళ్ళీ ఏలూరు వెళ్తే ముక్కు మీద పట్టీ తీశారు. కళ్ళ కింద నీలం మచ్చలు. ముక్కు మునుపటికన్నా లావుగా, మెరుస్తూ ఉంది. పాతికేళ్ళుగా చేపల చెరువుల దగ్గర చేపలు ఏరే పని నాది. ఉబ్బిన చేపని బుట్టలో వెయ్యం, గట్టు మీద పారేస్తాం. ఉబ్బిందంటే పోయినట్టే. నా నోరు ఆగలేదు.

"ఇది నా పిల్ల మొహం కాదండీ!" అని అందరి ముందూ ఏడ్చేశాను.

"వాపేనమ్మా. చాలావరకు నెలలో దిగుతుంది. పూర్తిగా దిగాలంటే ఏడాది పడుతుంది," అన్నారు డాక్టరుగారు.

హెప్సిబా ఆ మాట వినలేదు. నా మాటే విన్నది. కైకలూరు మీదుగా బస్సులో వస్తున్నంతసేపూ మాస్కు పెట్టుకుని కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ కూర్చుంది. ఆరోజు నుంచి నాతో మాట లేదు. అద్దం మీద చున్నీ కప్పేసింది. పెట్టింది తినేది, పళ్ళెం కడిగేసేది, గదిలోకి వెళ్ళిపోయేది. పొద్దున్నే అది లేవకముందే ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలేది. వాపు మాత్రం దిగలేదు సరికదా, ఇంకా పెరిగినట్టుండేది.

పట్టీ తీసిన తొమ్మిదోనాడు ఉండబట్టలేక సత్యవతికి ఫోన్ చేశాను.

"ఉప్పేమన్నా పెడుతున్నారాండీ?"

"లేదండీ. పత్యమే పెడుతున్నాను."

"పత్యమంటే?"

"ఉప్పు చేపండీ."

"ఏవండీ, పేరులోనే ఉప్పుంది కదండీ! చప్పిడిగా పెట్టమంటే ఉప్పు లేకుండా అని కదా! ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తుందండీ. మానెయ్యండి, దిగిపోతుంది. ముక్కుకేమీ కాదు."

ఫోన్ పెట్టేసి చూస్తే హెప్సిబా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. పొయ్యి మీద ఇగురు ఉడుకుతోంది. పొయ్యి కట్టేశాను.

"నా తప్పేనమ్మా," అన్నాను. "అప్పుడూ నాదే. పసిగుడ్డుగా ఉన్నప్పుడు నీకు నీళ్ళు పోసిన వెంకటనరసమ్మగారు రోజూ ముక్కు లాగమనేది. అలా లాగితేనే నిలబడుతుందని. నీకు ఊపిరాడదేమోనని నేనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేశాను. నీ ముక్కుకి పెట్టిన ఆ పేరు కూడా ముందు ముద్దుకి పిలిచింది నేనే. ఊళ్ళోవాళ్ళు నా నోటినుంచే నేర్చుకున్నారు. మొన్న ఆసుపత్రిలో అన్నదీ నేనే. నువ్వు ఏ మొహంతో ఉన్నా నా పిల్లవే, హెప్సీ. ఒక్క మాట మాట్లాడవే."

బయట చేపల లారీ ఒకటి నీళ్ళు కార్చుకుంటూ పోయింది. ఆ చప్పుడు రోడ్డు మలుపు దాటేదాకా వినపడింది. నేను కొంగుతో మొహం తుడుచుకుని, గిన్నె దింపబోయాను.

హెప్సిబా వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

"ఈ పూట నుంచి చప్పిడిగా వండమ్మా," అంది. "నాతోపాటు నువ్వూ అదే తినాలి."