నిలబడే మనిషి

పొద్దున్నే ఫ్యాను కింద కుర్చీ కోసం గొడవ.

"లే అక్కా, ఆఫీసుకి టైమైంది."

"నేనేం షికారుకెళ్తున్నానా?" అంటూనే ఆమె కాఫీగ్లాసుతో లేచి గోడకి ఆనుకుంది.

"రోజంతా నిలబడేదానివే కదా, ఇంకో పది నిమిషాలు నిలబడు" అన్నాడు తమ్ముడు, దర్జాగా కూలబడి.

"అది నిలబడబట్టేరా నువ్వు చదివింది" అంది వంటింట్లోంచి అమ్మ.

ఆమె పని నిజంగా నిలబడటమే. సినిమా షూటింగులో కథానాయిక వచ్చేలోపు ఆమె చోట, అదే రంగు చీర కట్టుకుని నిలబడాలి. లైట్లవాళ్ళు ఆ ముఖం మీద వెలుగు సరిచూసుకుంటారు. "రెడీ" అని కేక పడగానే పక్కకి తప్పుకోవాలి. తొమ్మిదేళ్ళుగా ఇంతే. తెర మీద ఆమె చీర కొంగు కూడా ఎప్పుడూ కనిపించలేదు.

ఇప్పుడు తీస్తున్నది గాజుకోట రాణి కథ. చిన్నప్పుడు భుజాలకి దుప్పటి కట్టుకుని ఆ రాణిలా ఆడని ఆడపిల్ల ఉండదు. పేరున్న నటి నిన్ననే తప్పుకుంది.

సెట్లో ముసలి దర్శకుడు కుర్చీలోంచే అడిగాడు. "కోట తలుపు దగ్గరి మాటలు వచ్చా నీకు?"

"వచ్చండీ."

"ఏదీ, చెప్పు. కెమెరా నడుస్తుంది."

నేల మీద ఎర్రటేపు గుర్తు. పాత చెప్పులతోనే వెళ్ళి దాని మీద నిలబడింది.

"రెడీ!"

ఆమె చప్పున పక్కకి తప్పుకుంది.

అందరూ గొల్లున నవ్వారు. దర్శకుడు మాత్రం నవ్వలేదు. "ఎక్కడికమ్మా? ఇవాళ ఇంకెవరూ రారు. నువ్వే."

రెండోసారి కూడా మడమ లేచింది. ఆమె దాన్ని టేపు మీద గట్టిగా అదిమిపెట్టి, తలెత్తింది.

"తలుపు తెరిచే ఉంది. లోపలికి రావడానికి నీకే గుండె చాల్లేదు."

ఎవరూ నవ్వలేదు. లైట్ల పెద్దాయన చేతిలో టీ చల్లారిపోయింది.

"ఈ వేషం వేస్తావో లేదో రేపటికి ఆలోచించుకుని చెప్పు" అన్నాడు దర్శకుడు. "ముఖం తెర మీద పడ్డాక నిలబడే పనికి ఎవరూ పిలవరు. సినిమా పోయిందా, రెండూ పోతాయి."

రాత్రి అమ్మ కంచాలు పెట్టింది. ఆమె ఫ్యాను కింద కూర్చుంది.

"లే అక్కా."

"లేవను. రేపట్నుంచి నిలబడే పని మానేస్తున్నా. గాజుకోట రాణి వేషం నేనే వేస్తున్నా."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. తమ్ముడు నోరు తెరిచాడు. "ఏ రాణి? ఆ రాణా?"

"ఇంకెంతమంది ఉన్నార్రా?"

వాడు కంచం తీసుకుని కింద కూర్చున్నాడు.

"అన్నం చల్లారిపోతోంది, తినవే మహారాణీ" అంది అమ్మ.

గుమ్మం దగ్గర ఆమె చెప్పు ఒకటి బోర్లాపడి ఉంది. దాని మడమకి అంటుకున్న ఎర్రటేపు ముక్క ఫ్యాను గాలికి సన్నగా అల్లాడుతోంది.