అంకమ్మ రాయించిన మాట

నేను ఒక వీలునామాను. నాకు నూరేళ్ళు దాటాయి. ఒక మూల చెదలు కొరికాయి, మడతల దగ్గర నలుపెక్కాను, తతిమ్మా ఒళ్ళు బాగానే ఉంది. తాము పోయాక కూడా ఇంట్లో తమ మాటే చెల్లాలని మనుషులు మమ్మల్ని పుట్టిస్తారు. చాలాసార్లు చెల్లదు. నా పక్క కట్టలో ఒక జమీందారుగారి వీలునామా ఉంది. ఎంత ముచ్చటైన దస్తూరీ! ఆయన దినకర్మలు కాకముందే కొడుకులు దాన్ని పట్టుకొని కోర్టుకెక్కారట.

నన్ను రాయించింది జమీందారులు కారు. సీతంవలస సంస్థానంలో ఏనుగు మావటి బెజ్జిపురపు సింహాచలం భార్య అంకమ్మ. మావటి పనికి బదులుగా కోటవారు సింహాచలానికి ఈనాం భూమి ఇచ్చారు. అతను పోయి భూమి తన చేతికొచ్చాక, అది తన ఇద్దరు కొడుకులకూ సమానంగా దక్కాలని ఆమె కరణంగారి అరుగు కింద కూర్చుంది. ఆయన కలం ముంచి తన అలవాటు కొద్దీ బరువైన మాటలు మొదలుపెట్టాడు. అంకమ్మ ఆపింది.

"నా మాట నా మాటలాగే రాయండి బాబూ. రేపు నా పిల్లలు వింటే అమ్మ మాటాడినట్టుండాల."

కరణం నొచ్చుకున్నాడు గానీ రాశాడు. అంకమ్మ బొటనవేలు సిరాలో అద్ది నా మీద నొక్కింది. భూమి పేరు మారాలంటే దివాణం ఒప్పుకోవాలి కనుక నన్ను కోటలో దాఖలు చేశారు. అలా నేను కట్టల్లోకి చేరాను. తరవాత జమీందారీలు పోయాయి, ఏనుగులు పోయాయి. మమ్మల్ని బండ్లకెత్తి పట్నంలో ఒక సర్కారు గదిలో పడేశారు. చెదలూ ఎలకలూ తప్ప నన్ను పలకరించినవారు లేరు.

చాలా కాలానికి ఒక తండ్రీ కూతురూ ఆ గదికి వచ్చారు. తండ్రి బెజ్జిపురపు అప్పలస్వామి, దస్తావేజు లేఖరి. పాతకాలపు గొలుసుకట్టు రాత చదవగలిగినవాడు. కూతురు గౌరీశ్వరి పశువుల ఆసుపత్రిలో పని చేస్తుంది. ఇద్దరూ వచ్చింది ఒకే సంగతి తేల్చుకోవడానికి, కాకపోతే చెరో రకంగా తేలాలని.

సంగతేమిటంటే, గౌరీశ్వరి పక్క ఊరి లైన్‌మన్ సన్యాసిరావును పెళ్ళాడతానంది. అతని ఇంటిపేరూ బెజ్జిపురపే. ఒకే ఇంటిపేరువాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస అవుతారని అప్పలస్వామి కుదరదన్నాడు. అటు సన్యాసిరావు నాయనమ్మ పైడమ్మ కూడా అదే మాట మీద కూర్చుంది. రెండూళ్ళ బెజ్జిపురపు వాళ్ళందరూ మావటి సింహాచలం సంతానమేనని చెప్పుకుంటారు. అది నిజమో కాదో కోట కాగితాల్లో చూద్దామంది గౌరీశ్వరి. "నిజం కాదని తేలితే ఒప్పుకుంటావా నాన్నా?" అంటే, తేలదన్న ధీమాతో అప్పలస్వామి సరేనన్నాడు. మావటి మునిమనవణ్ణని చెప్పుకోవడం అతనికి మహా ఇష్టం. దసరా ఊరేగింపులో మదమెక్కిన ఏనుగును సింహాచలం చెవిలో మాట చెప్పి కూర్చోబెట్టిన కథ అతని నోట వినని గడప ఆ ఊళ్ళో లేదు.

ఆ గది చూసే గుమాస్తా ముకుందరావు ముందు ఈనాం రిజిస్టర్లు తీసి ఇచ్చాడు. ఒకదాంట్లో సింహాచలానికి ఒకడే కొడుకు. ఐదేళ్ళ తరవాతి దాంట్లో ఇద్దరు, ఎనిమిదేళ్ళవాడూ ఏడేళ్ళవాడూ. పేర్లున్నచోట చెదలు తినేశాయి. గౌరీశ్వరి ఆ రెండు పుటలూ పక్కపక్కన పెట్టింది.

"ఏడేళ్ళవాడు ఐదేళ్ళ కిందట కూడా ఉండాలి కదా నాన్నా? ఎందుకు లేడు?"

"రాసినవాడు మర్చిపోయుంటాడు."

"ఏనుగుకి రోజూ ఎన్ని చెరుకుగడలో రాసుకున్నారు. పిల్లాణ్ణి మర్చిపోతారా?"

అప్పలస్వామి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అతనికీ ఆసక్తి పుట్టిందని నాకు కట్టలోంచే తెలిసింది. "అంటే ఒకడు బయటినుంచి వచ్చాడన్నమాట" అన్నాడు నెమ్మదిగా. "ఆ సన్యాసిరావు వాళ్ళ ముత్తాత అయ్యుంటాడు. వాళ్ళ ముఖాల్లో మా పోలిక ఎప్పుడూ లేదు." మనుషులు వంశవృక్షం వెతకబోయేటప్పుడు పుచ్చుకొమ్మ ఎప్పుడూ ఎదుటివాడిదే అవుతుంది.

రిజిస్టరు అంచున నా కట్ట సంఖ్య ఉంది. ముకుందరావు నిచ్చెనెక్కి నన్ను దించాడు. ఇన్నేళ్ళకు వెలుతురు తగిలింది.

అప్పలస్వామి నన్ను పైకే చదివాడు, దస్తావేజు చదివే గొంతుతో. భూమి హద్దులు, గట్లు, తాటిచెట్లు అన్నీ చదివాడు. ఒక వాక్యం దగ్గర గొంతు ఆగింది.

"ఏమైంది నాన్నా?"

"ఇక్కడ చిరిగిపోయిందమ్మా."

నేను అక్కడ చిరగలేదు. ఆ గదిలో నన్ను చదవగలిగినవాడు అతనొక్కడే. ఏం చదివినా అదే నిజమయ్యేది. గౌరీశ్వరి వంగి చూసింది. రాత అర్థం కాకపోయినా కాగితం అర్థమవుతుంది కదా.

"చిరగలేదు నాన్నా. చదువు."

అతను ఆ వాక్యం మీద వేలు ఆనించాడు. తరవాత దస్తావేజు గొంతు వదిలేసి చదివాడు.

"నా చిన్నకొడుకు లచ్చన్నను నేను కనలేదు. కరువు ఏట కోట ముందు గంజి పోసేచోట మా ఏనుగు ముందుకాళ్ళ సందున నిద్రపోతుంటే నా పెనిమిటి ఎత్తుకొచ్చాడు. వాణ్ణి ఎత్తుకునేదాకా ఏనుగు కాలు కదపలేదు. రేపు దాయాదులు ఇది పట్టుకొని లేస్తారు గనుక నేనే చెప్తున్నాను. పెద్దవాడు రాముడు నాకెంతో వీడూ అంతే. భూమి చెరిసగం. నా తరవాత నా ఇంట ఎవరైనా వీణ్ణిగానీ వీడి పిల్లల్నిగానీ పరాయివాళ్ళంటే, అన్నవాళ్ళే నాకు పరాయివాళ్ళు."

లచ్చన్న అప్పలస్వామికి సొంత తాత. రాముడు సన్యాసిరావు ముత్తాత.

గౌరీశ్వరి ముఖం ముందు వెలిగింది. వరస అడ్డు తొలగిపోయింది! అంతలోనే తండ్రి వైపు చూసింది. అతను ఏనుగు కథ పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాడు. ఆమె చివరి వాక్యం మళ్ళీ చదవమంది. విని అంది:

"ఈ కాగితం చూపించి పెళ్ళి చేసుకుంటే మనల్ని మనమే పరాయివాళ్ళమన్నట్టు కదా నాన్నా. ఆవిడ వద్దన్నది అదేగా?"

అప్పలస్వామి నన్ను మడత పెట్టాడు. ముకుందరావును ఒక మాట అడిగాడు, నన్ను కొన్నాళ్ళు కట్టలో అడుగున పడేయకుండా పైనే ఉంచమని.

మరోసారి వచ్చినప్పుడు వాళ్ళతో సన్యాసిరావు, అతని చెయ్యి పట్టుకొని పైడమ్మ వచ్చారు. ముసలామెకు చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. అప్పలస్వామి ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, "పెద్దమ్మా, మన అంకమ్మ వీలునామా దొరికింది. చదువుతాను విను" అన్నాడు. హద్దులు చదివాడు, గట్లు చదివాడు. ఆ వాక్యం దగ్గరికొచ్చి మళ్ళీ ఆగిపోయాడు. ఈసారి చిరిగిందని అనలేదు, చదవనూ లేదు.

పైడమ్మే అందుకుంది.

"ఏనుగు కాళ్ళ సందున తొంగున్నాడు. అదేగదా?"

అప్పలస్వామి కాగితం మీంచి తల ఎత్తాడు.

"నీకు తెలుసా పెద్దమ్మా?"

"తెల్దేటి? అంకమ్మ మాయత్తకి సెప్పింది, మాయత్త నాకు సెప్పింది. ఈ గుంటడు నీ పిల్లని సేసుకుంతానని అన్నం మానేసి తొంగున్నాడు. ఒక్క మాట అంటే సరిపోను. అయినా అన్నేదు."

"ఎందుకనలేదు నాయనమ్మా?" అన్నాడు సన్యాసిరావు.

"ఆయమ్మ అనొద్దంది. మరెలాగంతాన్రా? లచ్చన్న మాయింటి బిడ్డే. ఆల పిల్ల నీకు సెల్లెలే."

అప్పలస్వామి తల దించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరి ముఖాల్లో తన పోలిక లేదన్నాడో, వాళ్ళింట్లో మూడు తరాల ఆడవాళ్ళు తన పరువు కాపాడుతూ వచ్చారు.

పైడమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. "ఓ దారుందిలే నాయనా. పిల్లని ఆల మేనమావకి దత్తు ఇచ్చెయ్. ఆలింటి పేరు ఎట్టుకుంటాది. ఆల్లే పీటల మీద కూకోని కన్నేదానం సేస్తారు. వరసా కుదురుద్ది, అంకమ్మ మాటా నిలుస్తాది."

అలా చేయడం ఆ ప్రాంతంలో ఉన్నదే. అయినా అప్పలస్వామి ఒప్పుకోలేకపోయాడు. "నా ఒక్కగానొక్క కూతుర్ని వేరేవాళ్ళ బిడ్డని చెయ్యమంటావా పెద్దమ్మా?"

"మీ తాతా ఎవులో కన్నోడే కదేటి! మాయింటి బిడ్డయిపోతే తక్కువేటైంది?"

గౌరీశ్వరి తండ్రి చెయ్యి పట్టుకుంది. అతను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొని, "మామయ్యతో నేనే మాట్లాడతాను" అన్నాడు.

పెళ్ళికి ముకుందరావును కూడా పిలిచారు. వెళ్ళొచ్చి పక్క గుమాస్తాకు చెబుతుంటే విన్నాను. మేనమామ దంపతులు పెళ్ళికొడుకు కాళ్ళు కడిగారట. అప్పలస్వామి పందిట్లో చుట్టాల మధ్య నిలబడి అందరికీ పన్నీరు చల్లాడట. పైడమ్మ మాత్రం అతన్ని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకొని, వచ్చినవాళ్ళందరికీ, "మా మరిది కొడుకు" అని చెప్పిందట.

వానలు మొదలయ్యాక అప్పలస్వామి ఒక్కడే వచ్చాడు. నా నకలు కావాలన్నాడు. ముకుందరావు దరఖాస్తు తీసి తనే నింపడం మొదలుపెట్టాడు. పేరు, ఊరు రాసి తల ఎత్తాడు.

"వీలునామా రాయించినామెకి మీరేమవుతారండీ?"

"మునిమనవణ్ణి."

అన్నీ విన్నవాడు కదా, ముకుందరావు కలం ఆగింది. మొహమాటపడుతూనే అడిగాడు. "సొంతమనే రాయమంటారా?"

అప్పలస్వామి నన్ను బల్ల మీద అతని వైపు తిప్పి జరిపాడు.

"మీరూ విన్నారు కదా. ఆవిడ వేరే రకం రాయించలేదు."