తొమ్మిదో లారీ

నంబరు ప్లేటు ఒకటి, కప్పిన టార్పాలిన్ ఒకటి, సీలు ఒకటి, డ్రైవరు లైసెన్సు ఒకటి. లారీకి నాలుగు ఫోటోలు. ఎనిమిదో లారీ ముందు గొంతుక్కూర్చుని శివశంకర్ నంబరు ప్లేటు మీది బురదను చేత్తో తుడిచాడు. ఫోటో తీసి, నడుం పట్టుకుని లేచాడు. నలభై తొమ్మిదేళ్ల మనిషి. గోళ్లలో గ్రీజు, జేబు కింద ఇంకు మరక, చెవి మీద పెన్ను. పటాన్‌చెరులోని ఆ ప్లాస్టిక్ డ్రమ్ముల కంపెనీలో పదకొండేళ్లుగా సరుకు బయటికి పంపే గుమాస్తా. ఇప్పటికీ కాంట్రాక్టు మీదే.

ఫోటోలు తీసేది తన సొంత ఫోనుతో. వాటిని కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. శంకర్ దగ్గర ఉంటాయిలే అని మిగతావాళ్లంతా ఎప్పటికప్పుడు చెరిపేసుకుంటారు. అతను మాత్రం చెరపకూడదు. డ్రమ్ము పగిలిందని ఎవడైనా పేచీ పెడితే చూపించడానికి మూడు నెలలు ఉంచాలని మేనేజరు వెంకటనారాయణ హుకుం. అందుకని ఫోను నిండినప్పుడల్లా శివశంకర్ తన ఇంటి బొమ్మలే చెరుపుతూ వచ్చాడు. బావమరిది పెళ్లి పోయింది. భార్య భవాని బతుకమ్మ ఆడింది పోయింది. లారీలు మాత్రం భద్రంగా ఉన్నాయి. తలచుకుంటే ఒళ్లు మండేది. ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియక ఊరుకునేవాడు.

ఇక చెరపడానికి మిగిలింది ఒక్కటే, తండ్రి పెద్దరాములు వీడియో. పద్నాలుగు నిమిషాలు. పోయిన ఏడాది, చనిపోవడానికి నెల ముందు, కొండాపూర్ మండలంలోని తమ ఎకరన్నర చుట్టూ కర్ర పట్టుకుని తిరిగి ముసలాయన హద్దులు చూపించాడు. "గీ రాయి సూడు బిడ్డా. గీడికెల్లి ఆ తుమ్మ మొద్దు దాంక మనదే." వెనకాలే నడుస్తున్న పక్క పొలం శివమ్మ "ఔ మామా, ఔ" అనడం కూడా అందులో వినిపిస్తుంది. ఇప్పుడు అదే శివమ్మ రాయి జరిపారని, పన్నెండు గుంటల నేల తనదని అర్జీ పెట్టింది. రేపు పొద్దున సర్వేయరు వస్తాడు. ఆ "ఔ మామా" తప్ప శివశంకర్ చేతిలో మరో సాక్ష్యం లేదు.

ఎవరికైనా పంపి ఉంచుదామంటే, నిండిపోయిన ఫోను ముందుకు కదలదు. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుందామంటే, చిట్కుల్‌లో ఇంటి పక్క జిరాక్సు షాపు అతను డ్యూటీకి వెళ్లాక తెరుస్తారు, అతను తిరిగొచ్చేలోగా మూసేస్తారు.

తొమ్మిదో లారీ వచ్చి నిలబడింది. ఫోటో తీయబోతే జాగా లేదని ఫోను మొరాయించింది. శివశంకర్ ఆఫీసు గదిలోకి పరుగెత్తాడు. అక్కడ కంప్యూటర్లు చూసే మధుబాబు ఉన్నాడు.

"తమ్మీ, గీ ఒక్క వీడియో కంప్యూటర్ల ఎక్కియ్. పొద్దుగూకంగ తీస్కపోత. రెండు నిమిషాల పని."

"సొంతయి ఎక్కియ్యొద్దన్నరు గదనే అన్నా. మొన్న అకౌంట్ల కృష్ణప్రియ మేడం బిడ్డ హాల్‌టికెట్ ప్రింట్ తీసుకుంటేనే మెమో ఇచ్చిండ్రు. నా నౌకరి పోతది."

"కంపెనీ లారీలు నా ఫోన్ల ఉండొచ్చు గని, మా నాయిన కంపెనీ కంప్యూటర్ల ఉండొద్దా?"

మధుబాబు కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

"శంకర్! ఫోటోలేవి? లారీ జల్దీ కదలాలె!" బయటి నుంచి వెంకటనారాయణ అరుస్తున్నాడు. డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

శివశంకర్ గుమ్మంలో నిలబడి లారీల ఫోటోలన్నీ ఎంచాడు. మూడు వేల చిల్లర. 'డిలీట్' మీద వేలు పెట్టాడు. నొక్కేశాడు. తర్వాత బుద్ధిగా వెళ్లి తొమ్మిదో లారీకి నాలుగు ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి, పోయిన వారం వెళ్లిన ఒక లారీ మీద ఫిర్యాదు వచ్చింది. వెంకటనారాయణ ఫోటో అడిగాడు.

"చెరిపిన సార్. అన్నీ."

"కంపెనీ రికార్డు చెరపనీకి నీకు హక్కెవరిచ్చిండ్రు?"

"ఫోను నాది సార్."

"రేపు మెమో ఇస్త. సంజాయిషీ రాస్కొని రా."

"రేపు రాను సార్. పొలం కాడ సర్వే ఉన్నది."

"గట్లయితే ఇగ అసల్కే రాకు."

శివశంకర్ వెళ్లి చేతులు కడుక్కున్నాడు. గోళ్లలో గ్రీజు పూర్తిగా పోలేదు. కంపెనీ టోపీ మేకుకు తగిలించి గేటు దాకా నడిచాడు. వెనక నుంచి మధుబాబు రొప్పుతూ వచ్చాడు.

"అన్నా, ఏమనుకోకు. సిమ్ము ఇచ్చి పొమ్మంటుండు సార్. డ్రైవర్లందరి కాడ గా నంబరే ఉన్నదంట."

శివశంకర్‌కు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వులో ఏడుపు కూడా కలిసింది. ఎప్పుడో తన డబ్బుతో కొనుక్కున్న నంబరది. డ్రైవర్ల పోరు పడలేక ఇంటివాళ్ల కోసం అదే ఫోనులో ఇంకో సిమ్ము వేసుకున్నాడు. పిన్నీసుతో గుచ్చి సిమ్ము తీశాడు, మధుబాబు అరచేతిలో పెట్టాడు. రోడ్డెక్కాక నడుస్తూనే వీడియో పెట్టి చెవికి ఆనించుకున్నాడు. తండ్రి గొంతు స్పష్టంగా ఉంది. శివమ్మ గొంతూ ఉంది.

మధుబాబు సిమ్మును మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"ఏ ఫోన్ల ఎయ్యాలె సార్? కంపెనీకి ఫోను లేదు గద. మీ దాంట్ల ఎయ్యనా?"

"నా దాంట్ల ఎట్ల ఏస్తవయ్యా? అది నా సొంతం."

బయట పదో లారీ ఆగింది. డ్రైవరు ఆ నంబరుకే ఫోను చేసి చూస్తున్నాడు. బల్ల మీద గోరంత సిమ్ము, గ్రీజు వేలిముద్రతో, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.