లోవమ్మ ముట్టుకున్న చోటు

1894వ సంవత్సరం మాఘ శుద్ధ దశమి నాడు, కాకినాడలో మా ఇంటి నడవలో, నా మనవరాలు కన్యక అన్నప్రాశనకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో వీరు: తూర్పు ముఖంగా మొదట పురోహితులు, ఆయనకు కుడివైపున ఇంటి పెద్దనైన నేను, నా పక్కన నిడదవోలు నుంచి వచ్చిన వియ్యంకులు గురవయ్యగారు, ఎదుట మా అబ్బాయి కోటిలింగం, అతని పక్కన, పాపను ఒడిలో పెట్టుకుని, మా కోడలు సత్యలక్ష్మి. చివరగా, నడవ దాటి, పెరటి గుమ్మం అవతల, చేతిలో చేటతో లోవమ్మ. ఈ వరుస నేను నిర్ణయించినదే.

లోవమ్మ ఉప్పుటేటి ఒడ్డున ఉన్న చేపలవాళ్ల పల్లెకు చెందిన మనిషి. ఆమె భర్త పల్లంరాజు, ఇద్దరు కొడుకులు వల మీద బతుకుతారు. తెల్లవారేసరికి చేపల అమ్మకం ముగించుకుని, స్నానం చేసి, మా కోటిలింగం కొట్టుకు వచ్చే బియ్యం చెరగడానికి రోజూ మా పెరటి వసారాలోకి వచ్చేది. నా విషయానికి వస్తే, రేవు సుంకం కచేరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి, హెడ్డు గుమాస్తా హోదాలో, కన్యక పుట్టిన నెలలోనే ఉద్యోగం విరమించాను. నా భార్య అంతకు నాలుగేళ్ల ముందే గతించింది. ఇప్పుడేం చేస్తున్నారని ఎవరైనా అడిగితే, మనవరాలిని పెంచుతున్నానని జవాబు చెప్పేవాణ్ణి. ఆ మాటలో వేళాకోళం ఏమీ లేదు.

పరమాన్నం ముట్టించడం అయ్యాక, ఆచారం ప్రకారం పాప ముందు వస్తువులు పరిచారు. బియ్యం గిన్నె, బంగారు గాజు, మా కులవృత్తికి గుర్తుగా చిన్న తక్కెడ, వాటన్నిటికంటే దగ్గరగా నేను పెట్టిన దంతపు పిడి కలం. కచేరీలో దొరల దస్తావేజులన్నీ నేను ఆ కలంతోనే రాశాను. కన్యక పొట్టమీద పాకుతూ కలం దగ్గరికి వచ్చింది. దాన్ని ఒకసారి చూసింది. మోచేత్తో పక్కకు నెట్టి, తక్కెడను దాటి, నేరుగా పెరటి గుమ్మం దాకా వెళ్లి, లోవమ్మ చీర చెంగు పట్టుకుంది. లోవమ్మ దాని గడ్డం మీద కారుతున్న చొంగను చెంగుతో అద్ది తుడిచింది. పాప కిలకిల నవ్వింది. అందరూ నవ్వారు.

"బావగారూ, మీ ఇంగ్లీషు కలాన్ని మా మనవరాలు లెక్కచెయ్యలేదండి," అన్నారు గురవయ్యగారు.

నేనూ నవ్వినట్టు కనిపించే ఉంటాను. కానీ నా చూపు ఆ చీర చెంగు మీద నుంచి మరలలేదు. నేను ఎత్తుకుంటే చెయ్యి చాచి మీసం లాగే పిల్ల, నేను పిలిస్తే ఒక్కొక్కసారి తల తిప్పని పిల్ల, ఆ మనిషి అలికిడి వింటే చాలు, ఉయ్యాలలో కాళ్లు తపతప కొట్టుకుంటుందని అప్పటికే చాలాసార్లు గమనించాను. ఆ రోజు దానిని పదిమందీ చూశారు.

మర్నాడు నేను ఒక ఏర్పాటు చేశాను. లోవమ్మ పాపను ముట్టుకున్న ప్రతిసారీ, పాప ముఖం, మెడ సున్నిపిండితో రుద్ది కడగాలని సత్యలక్ష్మికి చెప్పాను. చేపల బుట్ట మోసిన చెయ్యి కనుక మన ఇంటి ఆచారానికి అది తప్పనిసరి అన్నాను. సత్యలక్ష్మి ఎదురు చెప్పే పిల్ల కాదు. లోవమ్మ రోజుకు ఆరేడుసార్లు పాపను ముట్టుకుని పలకరించేది. ఆరేడుసార్లూ కడగడం జరిగేది. కడిగిన ప్రతిసారీ పాప ఏడిచేది. ఆ ఏడుపు వసారాలోకి వినిపించాలన్న కోరిక నాలో ఎంతో కొంత ఉండేదని ఈనాడు ఒప్పుకుంటున్నాను.

అవి పాపకు పళ్లు వచ్చే రోజులు. చొంగ ఆగకుండా కారేది. దానిని తుడిచే పనిని నేను మరెవరికీ వదలలేదు. నా ఉత్తరీయాలన్నీ చాకలి సత్తియ్య చిక్కటి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చేవాడు. కచేరీ రోజుల నుంచీ అదే అలవాటు. ఆ ఉత్తరీయపు అంచుతో, దస్తావేజు మీద సిరా మరకను రుద్దినంత శ్రద్ధగా, దాని గడ్డం రుద్ది తుడిచేవాణ్ణి.

పది రోజుల్లో గడ్డం ఎర్రబడింది. తరువాత రాగిగింజలంత పొక్కులు లేచాయి. పాలు తాగేటప్పుడు జారిన పాలు, చొంగ కలిసి మెడ మడతలోకి దిగడంతో అక్కడ చర్మం ఒరుసుకుపోయి, పచ్చిగా కనిపించసాగింది. గంధం అరగదీసి పూశాను. అది ఎండి బిగుసుకుని, మళ్లీ తుడిచినప్పుడు పెచ్చులుగా ఊడివచ్చేది. రొమ్ముకు గడ్డం తగిలితే చాలు, పాప పాలు వదిలేసి ఏడిచేది.

కారణం నాకు వెంటనే తోచింది. నిజానికి, పొక్కులు లేవకముందే అది నా మనసులో సిద్ధంగా ఉందనడం సబబు. పెరటి గుమ్మంలో నిలబడి, రేపటి నుంచి రానవసరం లేదని లోవమ్మకు చెప్పాను. పిల్ల ఒంటికి నీ చెయ్యి పడలేదని కూడా అన్నాను. ఆమె చేటను గోడకు ఆనించి, చిత్తమండి అని వెళ్లిపోయింది. వెళ్లేముందు పాప వైపు చూడలేదు. చూస్తే పాప ఏడుస్తుందని తెలిసి చూడలేదని నాకు తరువాత అర్థమైంది. అప్పుడు మాత్రం గెలిచినట్టు అనిపించింది.

ఆ గెలుపు ఎంతోకాలం నిలవలేదు. కన్యక పొద్దున్న లేవగానే పెరటి గుమ్మం వైపు చూసేది. ఆపైన నా భుజం మీది ఉత్తరీయం చూడగానే ముఖం పక్కకు తిప్పి, పెదవి విరిచేది. పుండు తగ్గలేదు. మెడ చుట్టూ పాకింది. సంగతి నిడదవోలుకు చేరింది. వచ్చే ఫాల్గుణ పున్నమికి వస్తున్నానని, అప్పటికీ నయం కాకపోతే తల్లినీ పిల్లనూ తమ ఊరికి తీసుకువెళ్లి అక్కడే ఉంచుకుంటానని గురవయ్యగారు జాబు రాశారు. ఎంతకాలమో రాయలేదు. ఆ జాబు చదివిన నాడు నాకు అన్నం సహించలేదు. పింఛను పుచ్చుకున్న మనిషికి ఇల్లు ఎంత పెద్దదో, అందులో పిల్ల లేకపోతే ఎలా ఉంటుందో, ముందుగానే కళ్లకు కట్టింది.

ఆ సాయంత్రం సత్యలక్ష్మి నా ముందు పాలు పెట్టి, తల వంచుకుని నిలబడింది.

"మావయ్యగారండీ, లోవమ్మ మానేసి పదకొండు రోజులైందండి. పుండు ఎక్కువైంది గానీ తగ్గలేదండి."

అంతమాత్రమే అని లోపలికి వెళ్లిపోయింది. ఓడలో సరుకు తడిసి వస్తే, అది ఎవరి చేతిలో ఉండగా తడిసిందో తేల్చడం ముప్పై ఒక్క సంవత్సరాలు నా ఉద్యోగం. ఆ పదకొండు రోజులూ పాప గడ్డం మీద పడిన చెయ్యి ఎవరిది? సున్నిపిండితో కడగమన్నది ఎవరు? నా కచేరీలో అయితే, ఈ విచారణ పావుగంట కూడా పట్టేది కాదు.

మరునాడు పొద్దున్నే ఉప్పుటేటి ఒడ్డుకు నడిచి వెళ్లాను. కబురు పంపితే ఆమె వచ్చేది. కానీ కబురు మోసే మనిషికి ఏం చెప్పి పంపాలో నాకు తోచలేదు.

లోవమ్మ కొడుకులు వల దించడానికి సిద్ధమవుతున్నారు. పడవ పక్కన కూర్చుని కొబ్బరినూనె కాళ్లవేళ్ల సందులకు, తొడలకు, మోచేతుల మడతలకు పట్టిస్తున్నారు. లోవమ్మ నన్ను చూసి లేచి, కొంగు సర్దుకుంది. ఆమె కోడలు వీరవేణి అరుగు మీద తాటాకు చాప పరిచింది. వచ్చిన పని చెప్పడం చేతకాక, నీళ్లలోకి దిగేవాళ్లకు నూనె దేనికని అడిగాను.

"తడి ఒంటిని కొరుకుద్దండి, అయ్యగారూ," అంది లోవమ్మ. "పుండు పడ్డాక పూస్తే ఏం లాభమండి? తడి తగలకముందే రాసుకోవాలండి. నీళ్లు పైనుంచే జారిపోతాయి."

పాప మెడ సంగతి చెప్పాను. ఏమేం చేశారని ఆమె ఒక్కొక్కటే అడిగింది. తుడిచింది దేనితో అన్నప్పుడు భుజం మీది ఉత్తరీయం చూపించాను. ఆమె రెండు వేళ్లతో అంచు నలిపి చూసి, కోడలికి అందించింది.

"దీన్ని ఒడ్డున నిలబెడితే తెరచాపలాగ నిలబడుద్దండి బాబూ," అంది వీరవేణి. పడవ దగ్గర కొడుకులు నవ్వు దాచుకున్నారు. లోవమ్మ కోడలిని కసిరింది.

తరువాత చెయ్యవలసినది చెప్పింది. సున్నిపిండి మానాలి. పొద్దున ఒకసారి గోరువెచ్చని నీళ్లతో కడగాలి, అంతే. ఎన్నోసార్లు ఉతికి నలిగిపోయిన మెత్తటి పాత గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. మెడ మడత విప్పి తడి లేకుండా ఆరనివ్వాలి. ఆరాక పలుచగా కొబ్బరినూనె. పాలివ్వకముందు ఒకసారి, పడుకోబెట్టకముందు ఒకసారి. చొంగ పీల్చడానికి మెడకు కట్టే గుడ్డ తడిస్తే వెంటనే మార్చాలి. మీసంతో ముద్దులు పెట్టడం కొన్నాళ్లు ఆపాలి. చీము పడినా, ఒళ్లు వెచ్చబడినా ఆలస్యం చేయకుండా డాక్టరు దొర దగ్గరికి తీసుకువెళ్లాలి. అది తన చేతిలో పని కాదని చెప్పింది.

పనిలోకి తిరిగి రమ్మన్నాను.

"వస్తానండి. నేను ముట్టుకున్నాక పాపని మళ్లీ కడిగిస్తారాండి?"

ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసన్నమాట. తెలిసీ పాపను పలకరించడం మానలేదు.

"కడిగించను," అన్నాను. ఆమె అంతకంటే ఎక్కువ కోరలేదు.

ఆనాటి నుంచి మా పెరటి వసారాలో పద్ధతి మారింది. నా పాత పంచె ఒకటి చింపి, నలిగినంత నలిగిన గుడ్డలు పన్నెండు చేశాం. మొదటి రెండు రోజులు లోవమ్మ చేసింది, నేను చూశాను. మూడో రోజు నా చేత చేయించింది. నా చెయ్యి బరువుగా పడితే, "ఈగ వాలినట్టండి, అయ్యగారూ" అనేది. నాలుగో రోజుకు గడ్డం మీది ఎరుపు పలుచబడింది. ఎనిమిదో రోజుకు మెడ మడతలో కొత్త చర్మం వచ్చింది. పాప పాలు తనివితీరా తాగసాగింది.

ఫాల్గుణ పున్నమి నాడు గురవయ్యగారు వచ్చారు. మనవరాలిని వెలుతురులోకి తీసుకువెళ్లి, గడ్డం ఎత్తి, మెడ చూశారు. ఆయనకు తీసుకువెళ్లే కారణం కనిపించలేదు. భోజనాల దగ్గర సంతోషంగా నా వైపు తిరిగి అన్నారు:

"ఎంతైనా ఇంగ్లీషు చదువుకున్నవారి ఇల్లు బావగారూ. వైద్యం మీదేనాండి?"

పెరటి వసారాలో చేట చప్పుడు ఆగింది. పాప ఆ వైపే పాకుతోంది. అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. పెరుగు వడ్డించమని సత్యలక్ష్మికి చెప్పాను. ఆమె నా ముఖం వైపు చూడకుండా వడ్డించింది. ఒక క్షణం గడిచాక చేట చప్పుడు మళ్లీ మొదలైంది. గురవయ్యగారు మర్నాడు ఒంటరిగా రైలెక్కారు.

ఆ మౌనానికి సంజాయిషీగా పెద్దరికాన్ని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. పిల్ల మనసు ఆమెకు దక్కింది. పిల్లను బాగుచేసిన పేరైనా నాకు దక్కనీ అనుకున్నాను. ఆ ఈర్ష్య ఈనాటికీ పూర్తిగా పోయిందని రాయలేను. కన్యకకు ఇప్పుడు నడక వచ్చింది. పెరటి గుమ్మం దాకా పరుగెత్తడం నేర్చింది. నేను చూస్తూనే ఉన్నాను.

అందువల్ల, నిడదవోలు వాస్తవ్యులు గురవయ్యగారికీ, మా ఇరువైపుల బంధువర్గానికీ తెలియజేయడమేమంటే: నా మనవరాలు కన్యకకు కలిగిన చొంగ పుండు నా ఉత్తరీయం వల్లా, నేను చేయించిన కడుగుళ్ల వల్లా ముదిరినది. దానిని మాన్పినవారు, తిరిగి రాకుండా కాచినవారు, ఆ పద్ధతిని నాకు ఓర్పుతో నేర్పినవారు, కాకినాడ ఉప్పుటేటి ఒడ్డు నివాసి పల్లంరాజు భార్య లోవమ్మగారు. ఈ మేలు ఆమెదేననీ, ఇందులో నాకు ఎట్టి భాగమూ లేదనీ, ఆమెకు నేను కృతజ్ఞుడననీ, నా చేతివ్రాలుతో ధ్రువపరుస్తున్నాను.

వెంకటరత్నం