సూర్యుడి మీద చుక్క

నా భార్య సంవత్సరీకానికి నా కూతురు రాలేదు, ఇది జరిగింది, దీనికి సాకుల్లేవు, పాదిరి ధూపం ఊపుతున్నాడు, సమాధి రాతి మీద నా స్తోయాంక ఫొటోని నేను రుమాలుతో తుడుస్తున్నాను, వెనక మా వదిన వెలిక అందరికీ వినబడేలా గొణుగుతోంది, మరిదీ, పిల్లేదీ, తల్లి దినం నాడు ఆకాశం చూస్తూ కూచుందా, పైనుంచి వాళ్ళమ్మ చెయ్యూపుతుందనుకుందా ఏంటి, ఆడవాళ్ళు నవ్వు ఆపుకున్నారు, నేను మట్టి మీద వైన్ పోశాను, సగం నా బూట్ల మీద పడింది, పట్నంలో నా కూతురు చదివే బడిలో ఈ ఏడు పిల్లలు తమకిష్టమైన పాఠం ఒకటి ఎంచుకోవచ్చట, పశువైద్యం ఉంది, లెక్కల పద్దులు ఉన్నాయి, మా జ్లతీనా ఖగోళశాస్త్రం ఎంచుకుంది, నక్షత్రాలు పాలు ఇస్తాయా అన్నాను, లేదు నాన్నా, గొర్రెల్లా కంపు కూడా కొట్టవు అంది, అప్పుడు నవ్వాను, నవ్వకుండా ఉండాల్సింది, ఇవాళ పొద్దున రొట్టె కోస్తూ అంటుంది, శనివారానికి మార్చు నాన్నా, పాదిరి కూడా శనివారం చేసుకోవచ్చన్నాడుగా, బుధుడు సూర్యుడికి అడ్డంగా పోయేది ఇవాళే, మళ్ళీ పదమూడేళ్ళకి, అమ్మ దినం ఏటా వస్తుంది, మీ అమ్మ వీలు చూసుకుని పోలేదు అన్నాను, కత్తి అక్కడే పెట్టి బస్సుకి పోయింది.

పోయినవాళ్ళ పేరున పంచదార పొడి చల్లి పంచే ఉడికించిన గోధుమలు గిన్నెలో సగం మిగిలాయి, గిన్నె చంకన పెట్టుకుని పట్నం బస్సెక్కాను, చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చి సమాధి ముందు నిలబెడదామని, పిల్లలంతా బడి వెనక మైదానంలో ఉన్నారు, మూడు కాళ్ళ మీద దూరదర్శిని, దాని వెనక తెల్ల అట్ట, అట్ట మీద గుండ్రంగా సూర్యుడి వెలుగు, ఒరేయ్ తల తియ్యరా, సూర్యుణ్ణి మొత్తం మింగేశావ్ అని ఒకడు, ఇంకా ఆకలే మరి అని ఇంకొకడు, నవ్వులు, పంతులమ్మ పెత్కోవా నన్ను చూసింది, గిన్నె చూసింది, ఏమీ అడక్కుండా అరచెయ్యి చాపింది, దేవుడు ఆమెను క్షమించుగాక అంది, ఈ గోధుమలు తీసుకునేవాళ్ళు అనే మాటే, చాపిన చేతిని కాదనకూడదు, పెట్టాను, వెనక పిల్లలు వరస కట్టారు, దేవుడు ఆమెను క్షమించుగాక, దేవుడు ఆమెను క్షమించుగాక, ఒకడి నూగు మీసం మీద పంచదార పొడి అంటుకుంది, తిట్టడానికి వచ్చినవాణ్ణి చెంచాతో వడ్డిస్తూ నిలబడ్డాను.

జ్లతీనా వరసలోకి రాలేదు, అట్ట ముందు నుంచి కదల్లేదు, పద అన్నాను, చూడు నాన్నా అంది, వంగి చూశాను, తెల్లటి వెలుగులో గసగసాల గింజంత నల్లటి చుక్క, అంతే, ఇలాంటిదే ముందొకసారి చూశాను, ప్లోవ్‌దివ్‌లో డాక్టరు గోడకున్న వెలిగే అద్దం మీద స్తోయాంక ఊపిరితిత్తుల ఫిల్ము తగిలించి, కలం మొనతో ఇదిగో ఇక్కడ అన్నాడు, ఇంతే ఉంది, ఇంత చిన్నదానికేముందిలే అనుకుని కళ్ళు తిప్పుకున్నాను, బయటే ఉండవే అన్నా వినకుండా ఈ పిల్ల నా భుజం వెనక నిలబడి చూసింది, ఏమీ మాట్లాడలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా, నేనూ అడగలేదు.

ఇదైతే పోతుంది నాన్నా, గొంతు తగ్గించి అంది, ఆ అంచు దాకా వెళ్ళి బయటికి పోతుంది, చెప్పాను కదమ్మా, అది బయటపడే లోపే మనకి పొద్దుగుంకుతుంది అంది పెత్కోవా, తెలుసు మేడమ్ అంది, తెలిసే అక్కడ ఉండిపోయింది, మిగతా పిల్లలు ఒక్కొక్కరే సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు, కొండ నీడ మైదానం మీదికి పాకింది, అట్ట మీది వెలుగు ఎర్రబడింది, కొండకి తగిలి అడుగున తెగింది, చుక్క ఇంకా నడుమే ఉంది, పోవే, పో, గొణుగుతున్నది నేనేనని ఆలస్యంగా తెలిసింది, కొండని జరపలేను, చుక్కని తొయ్యలేను, అట్ట ఉత్త బూడిదరంగు అట్టయింది, అయినా పిల్ల దాన్నే చూస్తోంది, అప్పుడర్థమైంది, తల్లి దినానికి ఈ పిల్ల రాకపోలేదు, తల్లి దగ్గరే నిలబడి ఉంది, డాక్టరు గదిలో నేను కళ్ళు తిప్పుకున్నప్పటి నుంచీ ఒక్కతే నిలబడి ఉంది, గిన్నెలో మిగిలిన గోధుమలు చెంచాతో దాని నోటికందించాను, తింది, ఇద్దరం బస్సెక్కాం, దాన్ని నేనేమీ అడగలేదు, ఇక అడగను, వదినకీ, పాదిరికీ, ఆ రాతి మీది ఫొటోకీ, ఎవరికీ ఈ సంగతి మళ్ళీ చెప్పను.