ఏడో మోత

పిల్లమ్మ లెక్క తప్పింది, మొగుడు చచ్చిపోయాడు. జరిగింది అంతే. తక్కినదంతా ఆ తర్వాతది.

బర్గూరు అవతల ఒక కంకరజల్లి క్వారీలో రోజూ మధ్యాహ్నం, కూలీలు అన్నానికి పైకొచ్చాక, బండ పేల్చడానికి వెడి పెట్టేవాళ్ళు. రాజప్ప బండలో వేసిన తూట్లకు మందు కూరి, వత్తులు అంటించి, నిచ్చెనెక్కి పైకొచ్చేవాడు. ఆయన పెళ్ళాం పిల్లమ్మ గట్టు మీద ఎర్రగుడ్డ ఎత్తి పట్టుకుని మోతలు లెక్కపెట్టేది. ఎన్ని తూట్లు అంటిస్తే అన్ని మోతలు వినబడాలి. అప్పుడే గుడ్డ దించాలి. గుడ్డ దిగాకే మనిషి గుంతలోకి దిగాలి. చదువుకున్నవాళ్ళు చేయాల్సిన లెక్కేమీ కాదు, పిల్లమ్మకు అది అంతకుముందు ఏనాడూ తప్పలేదు.

తొంభై ఎనిమిదిలో, రాజప్ప చచ్చిపోయిన వారమే ఎదురుకొండను నిలువునా కోశారు. అంతకుముందు గరుకుగా ఉన్న బండ చప్పుడును మింగేసేది. నున్నగా కోసిన గోడ మింగలేదు, తిప్పికొట్టింది. రాజప్ప ఏడు వత్తులు అంటించాడు. ఆరు పేలాయి. ఏడోదని పిల్లమ్మ లెక్కపెట్టింది కొండ పంపించిన చప్పుడును.

రాజప్ప గుంతలోకి నిచ్చెన మీద రెండు మెట్లు దిగి, తలెత్తి చూశాడు. "ఏమే, అన్నీ అయిపోయినాయా?"

"అయిపోయినాయి, పో," అంది పిల్లమ్మ గుడ్డ దించుతూ.

ఏడోది పేలినప్పుడు ఎవరికీ చప్పుడు వినబడలేదు. రాళ్ళు లేచాయి, దుమ్ము లేచింది, కుక్కలు పరుగెత్తాయి. మోత మాత్రం నేరుగా పోయి పిల్లమ్మ కుడి రెక్క ఎముక వెనకాల కూర్చుంది.

ఆ మరునాటి నుంచి రోజూ మధ్యాహ్నం అదే వేళకు అది ఆమె ఒంట్లో పేలేది. ముందు రాజప్ప గొంతు సన్నగా, గుంతలో నుంచి వచ్చినట్టే, "ఏమే, అన్నీ అయిపోయినాయా?" అని అడిగేది. ఆ తర్వాత మోత. అటక మీద గిన్నెలు దొర్లేవి. పిల్లమ్మ పళ్ళు బిగించి గోడకు చేరబడేది. కుడి చెయ్యి ఎద దాటి పైకి లేచేది కాదు. తల ఎడం చేత్తోనే దువ్వుకునేది.

వీధిలో వాళ్ళు దానికి అలవాటుపడ్డారు. పక్కింటి పాపక్క పిల్లమ్మ పేలినాక అన్నం వార్చేది. కృష్ణగిరి బస్సు కండక్టరు మాత్రం, పగలు పన్నెండు బస్సు ఎక్కవద్దమ్మా, అద్దాలకు నేను జవాబు చెప్పుకోవాల, అని మర్యాదగానే చెప్పాడు. కృష్ణగిరిలో డాక్టరు ఎక్స్‌రే తీస్తే ఎముక వెనకాల కొంచెం పొగ కనబడింది. ఆయన ఫిలిం వెలుతురుకు పట్టి చూసి, ఇది మాత్రలకు పోయేది కాదని, వారానికొకసారి హోసూరు నుంచి బర్గూరుకు వచ్చి, భయం ఒంట్లో దిగినవాళ్ళను చూసే ప్రతిభ మేడం దగ్గరికి పొమ్మన్నాడు. పిల్లమ్మ ఫిలిం చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. పోలేదు. నొప్పి పోతే గొంతు కూడా పోతుందేమోనని అప్పటికే అనుమానం.

ఆ గొంతు కోసం ఇంకొకరు కూడా ఉన్నారు. కూతురు శోభన హోసూరులో బట్టల కంపెనీలో కుట్టుపని చేసేది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, ఒక చెవిలో దూది పెట్టుకుని, రెండో చెవి తల్లి వీపుకు ఆనించి కూర్చునేది. నాయన అడగడం వినగానే తల పక్కకు తీసుకునేది. కానీ ప్రతిసారీ కొంచెం ఆలస్యం చేసేది. కంపెనీలో సూపర్‌వైజరు పిలిస్తే రెండుసార్లు పిలవాల్సి వచ్చేది.

రెండువేలలో శోభన కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల, మంజు అని పెట్టారు. మధ్యాహ్నం అయ్యేసరికి శోభన బిడ్డను ఎత్తుకుని పాపక్క ఇంటికి పోవడం అలవాటు చేసుకుంది. ఒకరోజు బిడ్డకు నలుగు పెట్టి నీళ్ళు పోసేసరికి పొద్దు తెలియలేదు. బిడ్డ పిల్లమ్మ కాళ్ళ మీద ఉంది. మోత వచ్చింది. బిడ్డ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పిడికిళ్ళు బిగించి, కళ్ళు ఆర్పకుండా అట్లాగే ఉండిపోయింది. తెల్లారేదాకా పాలు తాగలేదు.

శోభన ఏడ్చి గొడవ చేసే మనిషి కాదు. పొద్దున్నే సంచి సర్దుకుంది. "నువ్వు హోసూరుకొచ్చి బిడ్డను చూసుకుంటావనుకున్నాను. లేకపోతే నేను పనికి పోయేది లేదు, ఆయన జీతంతో బాడిగ కట్టి తినేది లేదు. ఏంచేసేది చెప్పు. నువ్వు నా బిడ్డను ఎత్తుకోవద్దమ్మా."

పిల్లమ్మ ఆ వారమే ప్రతిభ దగ్గరికి పోయింది.

ప్రతిభది టైలరు షాపు మీద ఒక గది. చాప, రెండు కుర్చీలు, కిటికీ. జరిగింది చెప్పమని అడుగుతుందని పిల్లమ్మ దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఆమె అడగలేదు.

"ఒంట్లో యాడుందక్కా అది? ఎంతుంది? కదల్తుందా, ఊరికే ఉందా?"

పిల్లమ్మకు ఈ మాటలు వింతగా తోచాయి. రెక్క వెనకాల ఉందని, కొబ్బరికాయంత ఉందని, మధ్యాహ్నం తప్ప కదలదని చెప్పింది. ప్రతిభ అరికాళ్ళు నేలకు ఆనించి, నేల మోస్తోందని తెలుసుకోమంది. అందరికీ పనిచేసే పద్ధతే. పిల్లమ్మ ఒళ్ళంతా చెమటలు పట్టి లేచి నిలబడింది. క్వారీ మనుషులకు వెడి మొదట అరికాళ్ళకే తెలుస్తుంది, చెవికి తర్వాత. నేల వాళ్ళకు నమ్మకమైనది కాదు. ప్రతిభ అది విని, తప్పు నాదేనక్కా అని కాళ్ళు మంచం మీదికి తీసుకున్నట్టు కుర్చీ మీద ముడుచుకోమంది. మరుసటి వారం కింద బజారునుంచి ఒక చిన్న రాగుల మూట తెప్పించి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆ బరువుకు పిల్లమ్మ ఊపిరి కడుపుదాకా దిగింది. ఎన్నాళ్ళకో.

తర్వాత నెలలపాటు అదే పని. మూట ఒళ్ళో పెట్టుకుని కుడి చెయ్యి ఎంత దూరం లేవాలనుకుంటోందో అంతే లేపడం. నొప్పి పుడితే ఆపడం, కిటికీలోనుంచి కనబడే వేపకొమ్మను చూడడం, మళ్ళీ లేపడం. చెయ్యి ఎద దాటింది, గడ్డం దాకా వచ్చింది. ఇంట్లో గిన్నెలు దొర్లడం ఆగింది. పాపక్కకు అన్నం మెత్తనై, ఏమే, నీ మోత నాకు వినబడలేదు ఈ పూట, అని వచ్చి తిట్టిపోయింది.

ఒకరోజు రాజప్ప గొంతు "అన్నీ అయిపోయినాయా" అని మాత్రమే అడిగింది. ముందుండే "ఏమే" లేదు.

పిల్లమ్మ పోవడం మానేసింది. ప్రతిభ మూడు వారాలు చూసి ఇంటికే వచ్చింది. పిల్లమ్మ టీ పెట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"మోత ఒక్కటే తీసేసి మాట ఉంచేదానికి కాదా?"

ప్రతిభ టీ గ్లాసు కింద పెట్టింది. "రెండూ ఒకే చోటున్నాయక్కా. వేరు చేసేది నాకు రాదు. వస్తుందని చెప్పి నిన్ను మోసం చెయ్యలేను."

"అట్లయితే ఎందుకొచ్చినావు?"

"నీ చెయ్యి గడ్డం కాడ నిలిచిపోతా ఉంది. అది పైకి పోవాల్నని చూస్తా ఉంది. ఏం చేసేదానికో నీకు తెలుసు."

పిల్లమ్మకు తెలుసు. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది అదే. గుడ్డ దించి, పో అన్న తర్వాత, ఏడో చప్పుడు అరికాళ్ళకు తగల్లేదని ఆమెకు తట్టింది. చెవికి వచ్చింది, కాళ్ళకు రాలేదు. గుడ్డ మళ్ళీ ఎత్తబోయింది. చెయ్యి గడ్డం దాకా పోయింది. అంతలోనే పేలింది. చెప్పి, ఎడం చేత్తో మొహం తుడుచుకుంది. ప్రతిభ ఓదార్చలేదు. ఆ చెయ్యి ఇన్నేళ్ళుగా ఎత్తుతూనే ఉందక్కా, అంది.

శోభనకు కబురు పోయింది. జరగబోయేది, దాంతో నాయన గొంతు కూడా పోవచ్చని చెబితే, వద్దంటుందని పిల్లమ్మ ఎదురుచూసింది. శోభన వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. ఒక ఆదివారం బిడ్డతో వచ్చింది. బిడ్డను పాపక్కకిచ్చి కింద టైలరు షాపులో కూర్చోబెట్టి, పైకి వచ్చి తల్లి వీపుకు చెవి ఆనించింది. దూది పెట్టుకోలేదు.

మధ్యాహ్నమైంది. గొంతు వచ్చింది, ఈసారి మొదటి రోజుల్లో ఉన్నంత స్పష్టంగా. "ఏమే, అన్నీ అయిపోయినాయా?"

పిల్లమ్మ కుడి చెయ్యి ఒళ్ళో మూట మీదనుంచి లేచింది. ఎద దాటింది. గడ్డం దాటింది. తల దాటి నిటారుగా నిలబడింది. వేళ్ళు గుడ్డ పట్టుకున్నట్టే బిగుసుకున్నాయి.

"లేదు," అంది. "ఇంకొకటుంది. పైకి రా."

అన్నేళ్ళూ అడిగిన మాటే అడుగుతూ వచ్చిన గొంతు మొదటిసారి వేరే మాట పలికింది. "సరే, వస్తా ఉండాను."

మోత కిటికీలోనుంచి బయటికి పోయింది. బజారులో కొన్ని షట్టర్లు దిగాయి, మళ్ళీ లేచాయి. కొండకు తగిలి ఒకసారి వెనక్కి వచ్చింది. పిల్లమ్మ అది కొండదేనని గుర్తుపట్టి, లెక్కలో వేసుకోలేదు. చెయ్యి దించలేదు కూడా.

శోభన మెట్ల వైపు చూస్తోంది. తల్లీ చూస్తోంది. ప్రతిభ ఆ ఇద్దరినీ చూసి, తానూ తలుపు వైపు తిరిగింది. మెట్ల మీద పాపక్క వచ్చింది, బిడ్డకు ఆకలేస్తోందని.

పిల్లమ్మ చేతులు చాపింది. శోభన తలూపింది. బిడ్డ ఆమె కుడి భుజం మీద తల పెట్టి, మొహం రెండు వైపులా రుద్దుకుని, నిద్రపోయింది.

పిల్లమ్మ హోసూరుకు పోయింది. శోభన షిఫ్టుకు పోతే బిడ్డ ఆమె దగ్గరే. రెండు చేతులతో తల దువ్వుకునేది, తీగ మీద బట్టలు ఆరేసేది. మధ్యాహ్నాలు మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా కాసేపు కూర్చునేది. మోతా, గొంతూ ఏదీ వచ్చేది కాదు.

ఏడాది పోయాక ఒక సాయంత్రం శోభన కూరగాయలు తరుగుతూ, కత్తిపీట మీదనుంచి తలెత్తకుండా అడిగింది. "అమ్మా, నాయన గొంతు మరిచిపోతా ఉండాను. నీకు బాగా తెలుసు కదా. ఆయన ఎట్ల అడిగినాడో ఒకసారి అట్లే అని చూపించు. ఊరికే, ఒకసారి."

పిల్లమ్మ నోరు తెరిచింది. అది ఆమెకు నాలుక చివరే ఉంది, ఎక్కడ గొంతు పైకి లేస్తుందో, ఎక్కడ గుంత గోడ తగిలి కిందికి పడుతుందో. ఒకసారి తను అంటే, ఆ తర్వాత కూతురికి గుర్తుండేది తన గొంతే. తనకూ అంతే.

అననని చెప్పింది. శోభన తరిగిన ముక్కలు ఎత్తుకుని పొయ్యి దగ్గరికి పోయింది. తర్వాత మంజు కూడా పెద్దదై, తాత ఎట్ల మాట్లాడేవాడవ్వా అని అడిగింది. ఆయన పొట్టిగా ఉండేవాడని, వేడి ముద్ద ఊదుకోకుండా తినేవాడని, కోపమొస్తే తువ్వాలు దులిపేవాడని అన్నీ చెప్పింది. ఆ మాట మాత్రం ఆయన గొంతుతో ఏనాడూ అనలేదు.